బ్యాటరీ డబ్బాల తోట

ఇలా దగ్గరికి జరగండమ్మా. ఆ కుర్చీ కాస్త ఇటు లాక్కోండి, ఇది అరిచి చెప్పే కథ కాదు. బాల్కనీలో నాలుగు మొక్కలు పెట్టుకుందామని ఉబలాటపడుతున్నారు కదా, పెట్టుకోండి, వద్దనను. ముందు తోటమ్మ సంగతి వినండి.

ఆవిడ కొడుకు, కోడలు, మనవరాలు చిట్టితో కలిసి మూడో అంతస్తులో ఉండేది. రెండు గదులు, వాటికి తోకలా ఒక బాల్కనీ. మనిషి అడ్డం తిరిగితే మోచేతికి గోడ గీసుకునేంత. అంత చోటులో మొక్కలు పెంచుతోందని మెట్ల మీద జనం ఆవిడకి తోటమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు. కొత్తిమీర అడగాల్సి వచ్చినప్పుడు మర్యాదగా అనడం మొదలుపెట్టారు.

మొక్కల్ని ఎంచుకోవడంలో ఆవిడకి చక్కటి తెలివి ఉంది. ఆ బాల్కనీకి పొద్దున కాసేపే ఎండ, ఆ తర్వాత ఎదురు మేడ మింగేస్తుంది. అందుకని టమాటా, వంగ లాంటి వాటి జోలికి పోలేదు. ఆ కాస్త ఎండకి అవి పూత పూసి రాల్చేయడమే గానీ కాయ నిలవదు. ఆకుకూరలైతే వెలుగుంటే చాలు. పాలకూర, కొత్తిమీర, మూల నీడలో పుదీనా. చిక్కంతా కుండీలతోనే వచ్చింది. మట్టి కుండీలు బరువని, నీళ్ళు కారి గోడ పాడవుతోందని ఇంటి ఓనరు గోల. ప్లాస్టిక్ బకెట్లేమో ఎండకి పెళుసెక్కి పగిలిపోయేవి.

కొడుకు బ్యాటరీల మేస్త్రీ. లారీల పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే షాపులో పని. ఒక సాయంత్రం నల్లటి డబ్బా ఒకటి భుజాన పెట్టుకొచ్చాడు. పైన రంపంతో కోసి, లోపలి పలకలు లాగేసిన బ్యాటరీ పెట్టె.

"చూడమ్మా, ఇది ఎండకి చావదు, వానకి చావదు. నీ మనవరాలు దీన్ని పగలగొడితే నా చెవి కోసిస్తా."

తోటమ్మ మొహం విప్పారింది. డబ్బా నిండా అడ్డగోడలు, గదులు గదులుగా ఉంది. పుదీనాతో ఉన్న తంటా మీకు తెలిసిందే, వేళ్ళు పాకించి పక్క మొక్క మట్టి కూడా తినేస్తుంది. "దీనికో గది, దానికో గది. ఇక పక్కింటి మీద పెత్తనానికి పోదు!" అని నవ్వింది.

అడుగున గాడుల్లో బూడిదరంగు బురద పట్టి ఉంది. ఎంత రుద్దినా పోలేదు.

"ఉండనీరా. వెనకటికి పొయ్యిలో బూడిద మొక్కలకి వేసేదాన్ని, ఎంత ఏపుగా వచ్చేవో! ఇదీ అలాంటిదే."

కొడుకూ సరేనన్నాడు. రోజూ చేతులతో ఎత్తి పోసే సరుకాయె, భయం ఎందుకు పుడుతుంది? ఆ పైన ఒక్కో డబ్బా తెస్తూ పోయాడు, బాల్కనీ గోడ వెంట బారు తీరాయి.

చిట్టికి ఇల్లంటే ఆ బాల్కనీయే. అప్పుడప్పుడే మాటల పుట్ట పగిలిన పిల్ల, మొక్కలన్నిటికీ తనే పేర్లు పెట్టింది. వాసనొచ్చేది గనక పుదీనా ముక్కాకు. కొత్తిమీర జుట్టాకు. పాలకూర చెవాకు. డబ్బాల్లో మట్టి తీసి ముద్దలు చేసి బొమ్మకి పెట్టేది, తనూ ఇంత నాకేది. "మట్టి తిన్న పిల్ల గట్టిపడుతుందిలే" అని తోటమ్మ చెంగుతో మూతి తుడిచేది.

కింది వాటా టైలరమ్మ కూతురు కడుపుతో ఉంది. ఒకరోజు టైలరమ్మ మెడలో టేపు తియ్యకుండానే పైకొచ్చింది.

"వదినా, మా పిల్లకి రక్తం తక్కువుందంట. నీ తోటలో ఒక మూల నా పేర రాసెయ్యవూ?"

"మూలెందుకు, డబ్బానే పట్టుకుపో. కోసినకొద్దీ చిగురేస్తుంది" అని పాలకూర బాగా ఎదిగిన డబ్బా తీసి ఇచ్చింది.

ఆ తర్వాతే చిట్టి నలతపడింది. కడుపునొప్పని మెలికలు తిరిగేది, ముద్ద పెడితే మూతి తిప్పేసేది. ఊరికే చిరచిరలాడేది.

"అత్తయ్యా, పిల్ల తెల్లగా పాలిపోతోంది, చూశారా?" అంది కోడలు.

"రక్తం చాలట్లేదే. నేను చూసుకుంటాగా!"

చూసుకుంది. పాలకూర మెత్తగా ఉడికించి, బుజ్జగించి, ఇది నాయనమ్మ ముద్ద, ఇది బొమ్మ ముద్ద అంటూ పెట్టింది. పిల్ల ఎంత పాలిపోతే అంత ఎక్కువ పెట్టింది. మాటలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయని కోడలు దిగులుపడితే, "నీరసం తల్లీ, ఒంట్లోకి బలం రానీ, మన చెవులు చిల్లులు పొడుస్తుంది" అంది. ఒక మధ్యాహ్నం బాల్కనీలోనే పిల్ల కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది.

ఆసుపత్రిలో రక్తం తీశారు. కాగితం చూసి డాక్టరమ్మ తలెత్తింది. "ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారు?"

కొడుకు చెప్పాడు.

"పాప ఏం తింటుంది?"

తోటమ్మ ముందుకొచ్చింది. "బయటివి ముట్టనివ్వనమ్మా. మందులు కొట్టని ఆకు, నా చేత్తో పెంచింది."

"దేంట్లో పెంచారు?"

తోటమ్మ నోరు తెరిచేలోపే "బ్యాటరీ డబ్బాల్లో" అన్నాడు కొడుకు. వాడికి తెలిసిపోయింది. బ్యాటరీ పలకల్లో ఉండేది సీసం, పిల్లల మెదడుకి విషం. ఆ బూడిద బురదంతా అదే. అది మట్టిలోకి దిగి, మట్టిలోంచి ఆకులోకీ పిల్ల వేళ్ళకీ ఎక్కింది. రక్తంలోది మందులతో కొంత దిగుతుంది గానీ మాటలు ఏ మేరకు తిరిగొస్తాయో చెప్పలేనంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక కోడలు తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలోని ఆకు చెత్తలో పోసి, ఆ గిన్నెని తోముతూనే ఉంది.

తోటమ్మ చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు కొడుకు.

"కిందికి. వాళ్ళ పిల్ల కడుపుతో ఉందిరా."

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. మెల్లగా ఏదో చెప్పి డబ్బా వెనక్కి తెచ్చేద్దాం. విషం పెట్టామని తెలిస్తే మనల్ని ఈ మెట్లెక్కనిస్తారా? షాపులో నన్ను ఉంచుతారా?"

"డబ్బా తెచ్చేస్తాం సరే. తిన్నదేంటో వాళ్ళకెవరు చెప్తారు? రక్తం చూపించుకోవాలని ఎలా తెలుస్తుంది?"

 ఆవిడ దిగి వెళ్ళింది.

మిషను మీద ఉన్న టైలరమ్మ చివరిదాకా విని కాలు ఆపింది. "ఎన్నాళ్ళుగా తింటోందో తెలుసా వదినా? నీ చెయ్యి మంచిదని నేనే దగ్గరుండి తినిపించాను. ఇష్టం లేదన్నా తినిపించాను."

"నేనూ అంతే. దాన్ని ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళు."

"వెళ్తాం. నువ్వు మాత్రం మళ్ళీ నా గడప తొక్కకు" అని డబ్బా తెచ్చి బయటపెట్టి తలుపేసుకుంది.

తోటమ్మ డబ్బాలని చెత్తకుండీ దగ్గర పెట్టలేదు. గట్టి డబ్బాలు కదా, ఎవరో ఒకరు మురిసిపోయి ఎత్తుకెళ్తారని భయం. మొక్కలతో, మట్టితో సహా గోనెల్లో వేసి మూతులు కుట్టి, షాపుకి వెనక్కి పంపే బండి ఎక్కించేదాకా పక్కనే నిలబడింది. బాల్కనీ కడిగి కడిగి ఆవిడ గోళ్ళు అరిగాయి.

తర్వాత కింద పురుడొచ్చింది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. బాల్కనీలో చెవొగ్గి కూర్చునేది. పసిబిడ్డ గుక్కపట్టి గట్టిగా ఏడ్చేది. ఆ ఏడుపు గట్టిగా ఉందన్న ధైర్యం ఒక్కటే ఆవిడకి దక్కింది.

చిట్టి నడుస్తోంది, తింటోంది. ఒకసారి తోటమ్మ ఎవరింటి నుంచో పుదీనా రెబ్బ తెచ్చి, ముక్కు దగ్గర పెట్టి, "ఇదేంటి బంగారం?" అంది. పిల్ల చాలాసేపు చూసింది. రెబ్బని నాయనమ్మ ఒళ్ళో పెట్టి, "అది" అంది. అంతే.

ఇదమ్మా కథ. మొక్క ఏదైనా పెట్టుకోండి గానీ, ఆ డబ్బాలో అంతకుముందు ఏముండేదో అడక్కుండా మట్టి పొయ్యకండి. మీ మెట్ల మీద ఎవరైనా పాత డబ్బా భుజాన వేసుకుని ఎదురొస్తే ఆపి, తోటమ్మ సంగతి చెప్పండి. ముక్కాకు, జుట్టాకు, చెవాకు, ఆ పేర్లు కూడా చెప్పండి. పెట్టిన పిల్లకి గుర్తులేవు మరి, మీరైనా గుర్తుపెట్టుకోవాలి.