నా పేరుకు తగిలిన లాటరీ

"నీకు లాటరీ తగిలింది" అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే. పదిహేనేళ్ళ కాపురంలో నా పేరు మీద ఈ ఇంటికి వచ్చిన మొదటి శుభవార్త అది. అదీ దొంగది.

దొంగదని నాకు చూడకుండానే తెలుసు. నా ఉద్యోగమే అది. మోసపోయినవాళ్ళు బ్యాంకుకు ఫోన్ చేసి ఏడ్చే విభాగంలో ఆరేళ్ళుగా హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటున్నాను. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళు ఎన్ని రకాలుగా చూపిస్తారో నాకు కంఠతా వచ్చు.

"నేను టిక్కెట్టు ఎప్పుడు కొన్నాను?" అని అడిగాను.

"కొనక్కర్లేదట. మెయిల్ అడ్రసుల్లోంచి కంప్యూటరే డ్రా తీసిందట."

నా మెయిల్ ఆయన చదవడం మా ఇంట్లో వింతేమీ కాదు. దాన్ని తెరిచిందీ, పాస్‌వర్డ్ పెట్టిందీ ఆయనే. మా బ్యాంకులోనే ఉన్న నా ఖాతాదీ అంతే. పోయిన ఏడాది ఒకసారి ధైర్యం చేసి రెండూ మార్చాను. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. "ఎవరికోసం దాస్తున్నావు?" అన్నాడు. "మొగుడి దగ్గర తాళాలేమిటమ్మా, ఎక్కడా వినలేదు" అంది మా అత్త. పన్నెండో రోజు పాత పాస్‌వర్డే మళ్ళీ పెట్టేశాను. ఆ మర్నాడు ఆఫీసులో ఎవరికో చెబుతున్నాను, "మీ పాస్‌వర్డ్ వెంటనే మార్చుకోండమ్మా, ఎవరికీ చెప్పకండి" అని. చెబుతుంటే నా గొంతంటే నాకే అసహ్యం వేసింది.

మా ఆయన బళ్ళో లెక్కలు చెబుతాడు. పాచిక వేస్తే ఆరు పడే అవకాశమెంతో బోర్డు మీద గీసి చూపించే మనిషి. ఆ మనిషికి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. చూడు, పైన పెద్ద కంపెనీ పేరుంది గానీ పంపిన అడ్రసు ఎవరైనా ఊరికే తెరుచుకునే రకం. నా పేరు లేదు, "ప్రియమైన విజేత" అని ఉంది. మూడు రోజుల్లో జవాబివ్వకపోతే రద్దట. ఎవరికీ చెప్పకూడదట. గుర్తింపు కార్డు ఫోటో కావాలట, ముందు రుసుం కట్టాలట. ఇచ్చేవాడు నిజంగా ఇచ్చేవాడైతే తన రుసుం అందులోంచే కోసుకుంటాడు గానీ నిన్నెందుకు కట్టమంటాడు?

"ఆఫీసులో నేర్పిన చిలకపలుకులు ఇంట్లో పలక్కు" అన్నాడు. పక్క గదిలోంచి మా అత్త, "కలిసొచ్చే కాలం వస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. ఈవిడ గారు వాణ్ణి కూడా తిప్పి పంపేట్టుంది" అంది.

నా భయం లాటరీ గురించి కాదు. నా గర్భసంచిలో గడ్డలున్నాయి. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంటుంది. ఆఫీసులో కుర్చీ మీద ముదురు రంగు తువ్వాలు పరుచుకుని కూర్చుంటాను, లేచినప్పుడల్లా వెనక్కి చూసుకుంటాను. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి మా మరిది కొత్త దుకాణం కోసం, ఒకసారి ఇంటి పైకప్పు కోసం. "అందరాడవాళ్ళకీ ఉండేవే కదా" అన్నాడు మా ఆయన. ఇంక ఆగితే లాభం లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పాక, సెలవు రోజుల్లో కూడా పనిచేసి ఆ డబ్బు కూడబెట్టాను. వచ్చే సోమవారం తేదీ కూడా ఇచ్చారు. అందుకే ఆ రోజు, "మెయిల్ తీసెయ్. నా ఆపరేషన్ డబ్బు జోలికి మాత్రం వెళ్ళకు, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. "సరేలే" అన్నాడు. నమ్మాను. రోజుకు ముప్పై మందికి ఎవర్నీ నమ్మొద్దని చెప్పే నేను, ఒక్క "సరేలే"ని నమ్మాను.

గురువారం భోజనాల వేళ ఆసుపత్రికి అడ్వాన్సు పంపుదామని ఖాతా తెరిస్తే అందులో ఏమీ లేదు. మూడు రోజుల్లో మూడుసార్లుగా డబ్బంతా వెళ్ళిపోయింది. మెయిల్ తెరిచాను. నా పేరుతో ఏడు ఉత్తరాలు వెళ్ళాయి. "నేను గృహిణిని" అని మొదలవుతుంది మొదటిది. "డబ్బు విషయాలు నాకు తెలియవు. నా భర్త చాలా తెలివైనవారు, ఆయన సలహా ప్రకారమే నడుచుకుంటాను." అన్నం డబ్బా ముందు పెట్టుకుని ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. అవతల దొంగ పెద్దమనిషిలా నటించాడు, ఇవతల మా ఆయన నాలా నటించాడు. ఆ ఉత్తరాలన్నిట్లో నిజం మనిషి ఒక్కరూ లేరు.

బడికి ఫోన్ చేశాను.

"పోయిందని ఎవరన్నారు? ఆఖరి రుసుం ఒక్కటే మిగిలింది" అన్నాడు గొంతు తగ్గించి.

"సోమవారం నా ఆపరేషన్."

"ఇన్నాళ్ళు ఆగినదానివి. ఇంకో నెల ఆగితే చచ్చిపోతావా?"

అన్నం డబ్బా మూత పెట్టేసి, ఫిర్యాదు చేస్తున్నానని చెప్పాను. అప్పుడు భయపడ్డాడు. "ఎవరో కొట్టేశారని చెప్పు. నా పేరు రానివ్వకు, బళ్ళో తలెత్తుకోలేను." ఐదు నిమిషాల్లో అత్త ఫోన్. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ సంగతి. ఇంట్లో మనిషికి తెలిసేలా చెప్పలేకపోయావా?" అంది. తప్పు నాదేనని తేలిపోయింది.

మా ఫిర్యాదు మేమే రాసుకోకూడదు. రెండు కుర్చీల అవతల కూర్చునే అమ్మాయికి ఫోన్ చేశాను. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఒకరినొకరు చూసుకుంటూనే ఫోన్లో మాట్లాడుకున్నాం. ముందు ఖాతా ఆపేసింది. తేదీలు రాసుకుంది. తర్వాత ఫారంలో ఉన్నదున్నట్టు చదివింది.

"మీ పాస్‌వర్డ్ మీకు తప్ప ఇంకెవరికైనా తెలుసా?"

ఈ ప్రశ్నకు ఆడవాళ్ళంతా "ఎవరికీ తెలియదండీ" అంటారు. గుచ్చి అడిగితే, "మా ఆయనకు తప్ప" అంటారు. తెలుసు అని రాస్తే బ్యాంకు పైసా ఇవ్వదు. అందుకని జాలిపడి మేం 'లేదు' దగ్గరే టిక్కు పెట్టేస్తాం. మొగుడు ఇంకొకడెలా అవుతాడని నవ్వుతాడు మా సూపర్వైజరు. నేనూ నవ్వాను, ఆరేళ్ళు. ఆ అమ్మాయి వేలు కూడా అప్పటికే 'లేదు' మీదే ఉంది, నాకు కనిపిస్తోంది. 'లేదు' అంటే పది రోజుల్లో డబ్బు తిరిగి రావచ్చు. ఓ వారం ఆలస్యమైనా ఆపరేషన్ అవుతుంది. ఇంటికెళ్ళాక కొత్త పాస్‌వర్డ్ అడుగుతాడు, మళ్ళీ పదకొండు రోజులు, మళ్ళీ ఆఖరి రుసుం. పైగా నేను 'లేదు' అంటే ఈ లోకంలో దొంగ ఒక్కడే అవుతాడు, ఎక్కడో మొహం తెలియనివాడు. డబ్బు పోతే పోనీ. ఆఫీసులో అప్పు అడుగుతాను, కాళ్ళైనా పట్టుకుంటాను, సోమవారం మాత్రం ఆ మంచమెక్కుతాను.

"తెలుసు" అన్నాను.

ఆ అమ్మాయి చటుక్కున నా వైపు చూసింది. "అక్కా, ఇది రికార్డవుతోంది" అంది మెల్లగా. "అన్నయ్య లెక్కలోకి రాడులే."

"రికార్డవ్వాలనే చెబుతున్నాను. నా డబ్బు తీసింది ఆయనే. పేరు చెబుతాను, రాసుకో."