ఒకే దూలం

మా నాయనకూ పెద్దనాయన గోవిందన్నకూ మాటల్లేవు. ఎమ్మిగనూరులో ఇల్లు పంచుకున్నప్పుడు నడుమ గోడ పెట్టారు గానీ అది కప్పు దాకా పోలేదు. గోడ మీదుగా పోయే వేపదూలం ఒక్కటే రెండిళ్లనూ మోస్తుంది.

మాది గుంత మగ్గం. గాలి పొడిగా ఉంటే పోగు తెగుతుంది. అందుకని ఊరు నీళ్లకు అల్లాడే ఎండాకాలంలో కూడా మేం నేల తడిపి, గోడలకు తడి గోనెపట్టాలు వేలాడదీస్తాం. ఆ తేమంతా దూలానికి పడుతుంది. దూలం పోతే మగ్గం పోతుంది. మగ్గం తప్ప మాకు వేరే కూడు లేదు. నాయన ప్రతి ఎండాకాలం మగ్గం ఆపి, దూలం బాగా ఆరినాక అవిసె నూనె రుద్దుతాడు. బండి ఆయిల్ మేలంటారు గానీ ఒక్క చుక్క కారినా నేసిన చీర పాడైపోతుంది.

పెద్దనాయన ఇంట్లో తన సగాన్ని ఫోటో స్టూడియోకు బాడుగకు ఇవ్వాలనుకున్నాడు. నూనె కంపుకు ఎవరొస్తారని పెద్దమ్మ మహాదేవి గోడ అవతలి నుంచి రోజూ తిట్టేది. మా తడి వల్లే దూలం చెడుతోందని పెద్దనాయన అనేవాడు. అందులో అబద్ధం లేదు. ఆయన దూలంలో తన సగానికి నిగనిగలాడే పెయింటు వేయించాడు. వానల్లో ఒకరోజు, నాయన నూలుకని ఆదోని పోయినప్పుడు, నిచ్చెన తెచ్చి మా సగానికీ పూశాడు. కట్టె తడిగా ఉంది, వద్దన్నాను.

"మీ నాయనకు సెప్పుకో పో. ఒక దూలానికి రెండు రంగులా?"

నాయన వచ్చి చూసి అన్నం ముట్టలేదు. లోపలి తడికి బయటికి దారి లేకుండా చేశాడన్నాడు. మరునాడు నేను నిచ్చెనెక్కి గాజుపెంకుతో రంగు గీకుతూ గోడ దాకా వచ్చాను. అవతల పెద్దనాయన పెయింటు బొబ్బలెక్కి ఉంది. గోడ మీదుగా చెయ్యి చాపి బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. లోపలంతా తడి పొట్టు. సరిగ్గా దాని కింద పెద్దమ్మ మంచం.

నాయనకు చెప్పాను. ఆయన ఒక గుంజ తెచ్చి మా వైపు గోడ పక్కన దూలానికి ఊతం పెట్టాడు. దాంతో మా సగం నిలుస్తుంది.

"ఆయప్పకు సెప్పొద్దు. రంగు ఏసుకున్నాడు గదా, అదే కాస్తాది."

అవతల పెద్దమ్మ దగ్గు వినబడింది. నేను వీధిలోంచి చుట్టి పోయాను. ఆమె పడుకున్న చోటి నుంచి లేవలేదు.

"రంగు గీకింది సాలక ఈడికీ వచ్చినావా?"

"దూలం పుచ్చింది పెద్దమ్మా. మంచం జరుపుకో."

"మీ కండ్లు పడితే పుచ్చదా మరి."

మంచంకోడు పట్టుకొని, ఆమె దాని మీద ఉండగానే వాకిలి దాకా లాగాను. నన్నూ మా అమ్మనూ మగ్గాన్నీ కలిపి తిట్టింది. గడప దగ్గర ఒకసారి తలెత్తి దూలం వైపు చూసింది. తానే దిగి, మంచం ఇంకో వైపు పట్టింది.

సాయంత్రం పెద్దనాయన వచ్చేసరికి ఆమె వీధిలో మంచం మీద కూచొని ఇంకా నన్ను తిడుతూనే ఉంది. లోపలికి మాత్రం పోలేదు.