ఆదివారం గుండెకాయ

మా మామగారు ఏసోబుగారింట్లో కుటుంబ ప్రార్థనకు ఒక పద్ధతి ఉండేది. దీపం పెట్టగానే అందరం చాప మీద కళ్లు మూసుకుని కూర్చుని, ఒకరి తర్వాత ఒకరం పైకి ప్రార్థించాలి. యుద్ధం రోజులు, బియ్యం దొరకని కాలం. పొయ్యి మీద అన్నం ఏమవుతుందోనని నేను ఒక కన్ను తెరిచే ప్రార్థించేదాన్ని. ఆ సంగతి దేవుడికి తెలుసు, అత్తగారికి తెలియదు.

ఆ శనివారం మా ఆడపడుచు కృపామణి వంతు వచ్చింది. ఆ ఏడే కాలేజీలో చేరింది. మిషను బడిలో తెలుగులో చదివిన పిల్ల. కాలేజీలో పాఠాలన్నీ సర్కారు భాష ఉర్దూలో. "దయగల తండ్రీ" అని మొదలుపెట్టి, అదే రాగంలో, అదే భక్తితో, గుండె నుంచి రక్తం ఎటు పోయి ఎటు తిరిగొస్తుందో ఉర్దూలో గడగడా అప్పజెప్పింది. పగలంతా వల్లించిన పాఠం ప్రార్థనలోకి జారిపోయింది.

మామగారు చివరిదాకా విని "ఆమేన్" అన్నారు. తర్వాత కళ్లు తెరిచి, "గిదేం ప్రార్థన బిడ్డా?" అన్నారు.

పిల్ల భోరుమంది.

"సోమవారం అందరి ముందట నిలబెట్టి అడుగుతరు నాయినా. దిల్ అంటే నాకు ఎరుకే. గక్కడ ఖల్బ్ అంటరు, నెత్తురు తిరుగుడును దౌరాన్-ఎ-ఖూన్ అంటరు. ఒక్క ముక్క మరిస్తే మొత్తం పోతది. నేను పోను. కాలేజీ బంద్ జేస్త."

"ఫికర్ జెయ్యకు బిడ్డా. సోమవారం నేనే పోయి పేరు కొట్టేయిస్త."

ఆయనది ప్రేమే. కానీ కొట్టేయించిన పేరు మళ్లీ రాయించడానికి ఎవరూ వెళ్లరు. బందరులో నేనూ రెండేళ్లు కాలేజీకి వెళ్లాను. మొదటి ఏడంతా నాకు తప్ప అందరికీ అన్నీ తెలుసనుకున్నాను. మిగతావాళ్లూ అలాగే అనుకున్నారని రెండో ఏడు తెలిసింది.

ఆదివారమంటే మామగారికి మేక గుండెకాయ వేపుడు ఉండాలి. మర్నాడు చర్చి నుంచి వస్తూ అమీర్‌పేటలో కటిక మొగిలయ్య దగ్గర ఆగాను. నెత్తురు పోవడానికి అతను గుండెకాయను నిలువునా చీరి ఇస్తాడు.

"చీరకు. నాళాలతో సహా అలాగే ఇవ్వు."

"లోపల కడుగకుంటనే వండుతరా అమ్మా మీ దిక్కు?"

"మా దిక్కు అంతే" అన్నాను. పాపం బందరు.

వంటింట్లో పళ్లెం తెచ్చి కృపామణి ముందు పెట్టాను. "ఇదిగో నీ ఖల్బ్."

"వదినా!" అంది. అని, కాసేపటికి దగ్గరకు జరిగింది. గుండెకాయ పై గదిలో చెంబుతో నీళ్లు పోస్తే కింది గదిలోకి దిగాయి. కింది గదిని పిడికిట పట్టి నొక్కింది. నీళ్లు వచ్చిన దారిన వెనక్కి రాలేదు. పక్క నాళంలోంచి చివ్వున చిమ్మి, "కోడలా, వేపుడైందా?" అంటూ వచ్చిన మామగారి చర్చి చొక్కా మీద పడ్డాయి.

ఆయన చొక్కా వైపు చూసుకోలేదు. పీట లాక్కుని కూర్చున్నారు.

"మల్ల పొయ్యి."

మళ్లీ పోసింది, మళ్లీ నొక్కింది. చివరికి కత్తిపీట మీద కోసి చూపించింది. లోపల ఉల్లిపొర కంటే పల్చని తెల్లని తలుపులు. అవి వెనక్కి తెరుచుకోకుండా పట్టుకున్న సన్నని దారాలు. ఇన్నేళ్లుగా ఎన్ని గుండెకాయలు ముక్కలు చేసి కారం చల్లానో! లోపల తలుపులున్నాయని ఒక్కనాడూ చూడలేదు.

"గిది మనల సుత ఉన్నదా?"

"ఉన్నది నాయినా. నువ్వు పండుకున్నా ఆగది."

మామగారు ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు. నేల తడిపామని కేకలేయడానికొచ్చిన అత్తగారు కూడా, ఎందుకో, పెట్టుకున్నారు. నాలుగు తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ, అడగకుండానే, మా అందరిలోనూ.

కృపామణి పాఠం ముందు తెలుగులో చెప్పింది, తర్వాత ఉర్దూలో. మాట తట్టకపోతే ఇంటికప్పు వైపు కాక పళ్లెంలోకి చూసింది.

"రేపు నేను రాను" అన్నారు మామగారు లేస్తూ. "నువ్వే పో."

సోమవారం పంజాగుట్ట దాకా నడిచి, పరదా కట్టిన కాలేజీ బండెక్కి వెళ్లింది. సాయంత్రం గుమ్మంలోంచే, "రెండు మాటలు మరిశిన వదినా! జర ఆగి, యాది జేసుకొని చెప్పిన. పక్క పిల్ల తనకు సుత నేర్పమన్నది" అంది.

మరుసటి ఆదివారం మామగారు నన్ను పిలిచారు. "వేపుడు ఉండనియ్యి కోడలా. గీ వారం పిల్లకేం పాఠమో అడిగి, గదే తే."

ఆ వారం పాఠం కన్నట. ప్రార్థనప్పుడు ఒక కన్నే మూసేవాళ్ల గురించి పుస్తకంలో ఏమీ రాయలేదని కనుక్కున్నాకే మొగిలయ్య దగ్గరికి బయలుదేరాను.