నేరేడు బీరూ, గోవిందప్ప ఆవూ

గోవిందప్ప పొద్దున లేవగానే చేసే మొదటి పని ఆవుని కొలవడం. పుంగనూరు ఆవులు ఎలాగూ పొట్టివే. కానీ ఆయన ఆవు బుడ్డమ్మ పొట్టితనం జాతి వల్ల వచ్చింది కాదు, గోవిందప్ప బుద్ధి వల్ల వచ్చింది. ఆయన ఎవరి మీదైనా లేనిపోని అనుమానం పెట్టుకున్నాడంటే ఆవు కాస్త తగ్గిపోతుంది. లైన్‌మన్ మీటరు తిప్పేశాడన్నాడు, తగ్గింది. వియ్యంకుడు పెళ్లి పంక్తిలో తనకి కావాలనే చిన్న లడ్డు వేయించాడన్నాడు, బాగా తగ్గింది. అనుమానం నిజమైతే మాత్రం తగ్గదని ఊరందరికీ తెలుసు. కాకపోతే ఆ ముచ్చట ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇప్పుడది పిల్లి అంత ఉంది. పాలకేమీ లోటు లేదు. గోవిందప్ప భార్య సిద్ధమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు పూటలా చెంబుడు పిండుతుంది.

ఆ ఆదివారం బెంగుళూరు నుంచి మనవరాలు వర్షిత వచ్చింది, ప్రదీప్‌ని వెంటబెట్టుకుని. ప్రదీప్‌ది కుప్పం. ఇద్దరూ ఒకే బీరు కంపెనీలో పనిచేస్తున్నారు. ఉద్యోగాలు మానేసి, పెళ్లి చేసుకుని, తాత తోపులో కాసే నేరేడు పళ్లతో సొంతంగా బీరు చేసి అమ్ముకోవాలని వాళ్ల ఆలోచన. తాత ఊ అంటే చాలు. ఆయన చేత ఊ అనిపించడానికే వర్షిత తాను చేసిన సీసా ఒకటి తెచ్చింది.

మూత తీసి గ్లాసులో పోస్తే కాఫీ డికాక్షన్ అంత నల్లగా దిగింది.

"ఇదేం బీరు మే? బీరంటే పసుప్పచ్చగా గదా ఉండేది," అన్నాడు గోవిందప్ప.

"ఇది స్ట్రాంగు తాతా. మొలకెత్తిన బార్లీ మాల్టుని నల్లగా వేయించినాను. పోయినేడు నువ్విచ్చిన నేరేళ్లే దీంట్లో ఉండేది."

"పోసినోళ్లు ముందర తాగల్ల."

అది వాళ్లింటి పద్ధతి. కల్లయినా మజ్జిగైనా పోసినవాళ్లు ఒక గుక్క తాగాకే ఎదుటివాళ్లకివ్వాలి. వర్షిత ఒక గుక్క తాగి గ్లాసు అందించింది. గోవిందప్ప దాన్ని వెలుగుకి పెట్టి చూశాడు. వాసన చూశాడు. "నన్ను మత్తులో పెట్టి తోపు కొట్టేసేదానికి వచ్చినట్టుండావు," అన్నాడు.

మంచం కోడు పక్కన పడుకున్న బుడ్డమ్మ కోడిపిల్లంత అయిపోయింది.

"తగ్గె," అంది సిద్ధమ్మ పొయ్యి దగ్గర నుంచే.

గోవిందప్ప సిగ్గుపడి తాగాడు. మొదట సంగటి గిన్నె అడుగున మాడిన పొరలాంటి చేదు తగిలింది. తర్వాత తీపి. మింగాక నేరేడు వగరు గొంతుని పట్టుకుంది, ఛాతీ వెచ్చబడింది. భలే ఉంది. భలే ఉన్నందుకే మళ్లీ పురుగు తొలిచింది.

"ఇది నువ్వు చేసింది కాదు. యాడో కొని, పైన చీటీ మార్చినావు."

ఈసారి బుడ్డమ్మ నేరేడు పండంత అయింది. సిద్ధమ్మ పరుగున వచ్చి అరచేతిలోకి తీసుకుంది. "ఇంగొక్క మాటన్నావంటే ఇది కండ్లకి గూడా ఆనదు. ఇంక సాలించు సామీ!"

గోవిందప్ప కళ్లు చెమర్చాయి. అయితే ఇంత మంచి సరుకు నిజంగా తన మనవరాలే చేసిందన్నమాట! ఊ అనడానికి నోరు తెరిచాడు.

ప్రదీప్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "తెలివంతా వర్షితదే తాతా. నాదేమీ లేదు. హార్స్‌లీ హిల్స్ రిసార్టోళ్లతో నేను మాట్లాడేసినా. మీరు తోపిస్తే సాలు, కడదాకా వర్షిత యెనకాలే ఉంటా."

మాటలు మరీ నున్నగా ఉన్నాయి. గోవిందప్ప నోరు ఆగలేదు.

"బీరు బాగా నడిచినంక ఈ పిల్లని బయటికి తోసేస్తావు గదప్పా నువ్వు!"

అనేసి నాలుక కరుచుకున్నాడు. అందరూ సిద్ధమ్మ అరచేతిలోకి చూశారు. బుడ్డమ్మ చెవి విదిలించింది. నెమరు వేసింది. ఎంత ఉందో అంతే ఉంది.

గోవిందప్ప వంగి ఆ చేతికి మొహం దగ్గరగా పెట్టాడు. "తగ్గు తల్లీ," అని బతిమాలాడు. "పిల్ల ఆశపడి వచ్చిండాది. నాదే తప్పుడు బుద్ధి. ఈ ఒక్క తూరి తగ్గు."

బుడ్డమ్మ తగ్గలేదు.

వర్షిత ఆవుని చూసింది, ప్రదీప్‌ని చూసింది. "కాదని యాల చెప్పవు?" అని అడిగింది. అతను కారు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు.

"నువ్వు పో ప్రదీప్. నేను బస్సుకి వస్తా."

కారు మదనపల్లె రోడ్డెక్కింది. పుట్టి బుద్ధెరిగాక గోవిందప్ప అనుమానం నిజమవడం ఇదే మొదలు. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

వర్షిత ఏడవలేదు. "తోపు ఇస్తావా, ఇయ్యవా తాతా?"

"ఇస్తా."

"నాకొక్కదానికే?"

"నీకొక్కదానికే," అన్నాడు గోవిందప్ప.