మంటలోంచి నీళ్ళు

పన్నెండేళ్ళుగా అత్తగారిని ఒక సందేహం వదల్లేదు. మాట్ల మావ కుంపటి మీద చుక్కయినా కారని గుండిగ, తన గ్యాసు పొయ్యి మీద ఎందుకు కారింది?

దేవుడి ముందు చేతులు జోడించి కూర్చున్నా అదే గుర్తొచ్చేది. పిల్లల జ్వరాలు చెప్పుకున్నట్టే దాన్నీ చెప్పుకునేది. "స్వామీ, తప్పు అతనిదా, నాదా?" దేవుడు తొందరపడి జవాబిచ్చే రకం కాదు గదా!

అప్పట్లో ఇంట్లో బొగ్గుల కుంపటి తీసేసి గ్యాసు పొయ్యి పెట్టారు. ఆ వారంలోనే స్నానాలకు నీళ్ళు కాచే ఇత్తడి గుండిగ అడుగు చీలింది. వీధి చివర చిల్లి గిన్నెలకు మాట్లు వేసే ఆయన ఉండేవాడు. ఊరందరికీ ఆయన మాట్ల మావ. శుభ్రంగా మాటు వేసి ఇచ్చాడు. మర్నాడు చన్నీళ్ళు నింపి పొయ్యి మీద పెడితే అడుగంతా బొట్లు కట్టి, టపటపా రాలి, మంట మీద చుయ్యిమన్నాయి.

వెనక్కి తీసుకెళ్ళింది. ఆయన తన కుంపటి మీద పెట్టి చూపించాడు. చుక్క లేదు. అయినా ఆవిడ మాట కాదనలేక మళ్ళీ మాటు వేశాడు. ఇంటికొస్తే మళ్ళీ అదే కథ. మూడోసారీ వేశాడు. అదీ డబ్బు తీసుకోకుండానే.

నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆయన నవ్వాడు. "చెల్లెమ్మా, నా మాటు కారట్లేదు. నీ పొయ్యే ఏడుస్తున్నట్టుంది."

ఆవిడకు పుండు మీద కారం చల్లినట్టయింది. "చేతకాకపోతే చేతకాదని చెప్పు. జనం గిన్నెలు పాడుచెయ్యకు!" అని నలుగురిలో అనేసింది.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆనాటి నుంచి నీళ్ళు నిలవాల్సిన పాత్ర ఏదీ ముట్టుకోలేదు. బకెట్లకు పిడులు, మూతలకు గుబ్బలు బిగించుకుంటూ బతికాడు. ఎవరైనా గిన్నె తెస్తే "నా చెయ్యి పోయింది" అనేవాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆవిడకు ముద్ద దిగేది కాదు. గుండిగ మాత్రం అటకెక్కింది.

ఇన్నాళ్ళకు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఒక స్టీలు గుండిగ కొంది. బళ్ళో సైన్సు చెప్పే పిల్ల. గుండిగకు అతుకు లేదు, మాటు లేదు. నీళ్ళు నింపి పొయ్యి మీద పెట్టగానే అడుగున బొట్లు!

"అమ్మాయ్, నీ కొత్తదీ కారుతోందే! కొట్టువాడు నిన్ను నిలువునా ముంచాడు."

"కారడం కాదత్తయ్యా. అవి మంటలోంచి వచ్చిన నీళ్ళు."

"మంటలోంచి నీళ్ళా? పొద్దున్నే నేనే దొరికానా నీకు?"

కోడలు ఒక గ్లాసును పొడిగా తుడిచి, పటకారుతో పట్టుకుని, మంటకు పైన క్షణం పాటు బోర్లించింది. లోపలంతా మసక తడి.

"ఖాళీ గ్లాసు కూడా కారుతుందా అత్తయ్యా? గ్యాసులో కార్బన్, హైడ్రోజన్ జతగా ఉంటాయి. మండేటప్పుడు విడిపోయి, దేనికదే గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. కార్బన్, మనం వదిలే ఊపిరిలో ఉండే వాయువే అయిపోతుంది. హైడ్రోజన్ నీటి ఆవిరవుతుంది. అడుగు చల్లగా ఉంటే బొట్టు కడుతుంది. వేడెక్కితే కట్టదు."

"మరి చిన్న గిన్నెలు?"

"చిటికెలో వేడెక్కుతాయి. బొట్టు మన కంట పడదు."

అత్తగారు అటక వైపు చూసింది. "బొగ్గుల కుంపటి మీదయితే?"

"బొగ్గు దాదాపు అంతా కార్బనే కదా. నీళ్ళెక్కడివి?"

ఆవిడ రెండు చేతులూ జోడించింది. "మంటలో నీళ్ళు దాచావా స్వామీ! చెప్పడానికి నా ఇంటికి ఈ పిల్లను పంపావా!" తర్వాత కోడలి వైపు తిరిగింది. "వచ్చిన రోజు నీకు వంట వచ్చా అనడిగాను. ఏం మనిషినే నేను! పద, ఆ రెండు గుండిగలూ, చిన్న సిలిండరు పొయ్యీ తీసుకెళదాం. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి."

వాళ్ళు వెళ్ళేసరికి మాట్ల మావ ఒకామెను పంపించేస్తున్నాడు. "చిల్లి గిన్నెలు నేను చెయ్యనమ్మా. నా చెయ్యి పోయింది."

"పోయింది నీ చెయ్యి కాదన్నయ్యా, నా బుద్ధి" అంటూ అత్తగారు అటక మీంచి దించి తెచ్చిన గుండిగను పొయ్యి మీద పెట్టి చన్నీళ్ళు పోసింది. బొట్లు రాలాయి.

"కారుతోందిగా!" అన్నారెవరో.

"ఆగు నాయనా." దాన్ని దించి కొత్త స్టీలుది పెట్టింది. అదీ రాలింది. కోడలు అందరికీ మళ్ళీ చెప్పింది. ఆ తర్వాత ఇత్తడిది మళ్ళీ ఎక్కించి నీళ్ళు మరగనిచ్చారు. మాట్ల మావ వంగి అడుగు చూశాడు. మాటు పొడిగా ఉంది.

"అయితే నేనేసిన మూడు మాట్లూ మంచివేనా చెల్లెమ్మా?"

"మొదటిదే సరిపోయిందన్నయ్యా. తర్వాతి రెండూ నీ మంచితనం. ఆ రోజు ఇక్కడే నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. తప్పు నాది. అందరూ వినండి, తప్పు నాది."

గిన్నె తెచ్చి అక్కడే ఆగిపోయిన ఆమె వైపు ఆయన చెయ్యి చాపాడు. "ఏదమ్మా, ఆ గిన్నె ఇలా ఇవ్వు."