ఏడో అధ్యాయంలో లేని రెండు పేజీలు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నేను బాగుందని చేతిలో పెట్టిన పుస్తకం వల్ల ఒక తల్లి ప్రాణం మీదికి వస్తుందేమోనని. పిల్లాడికి జ్వరం వస్తుందేమో, స్కూల్ ఆటో తిరగబడుతుందేమో, గ్యాస్ కట్టేశానో లేదో, ఇవన్నీ నాకు రోజూ ఉండే భయాలే. మా ఆయన ప్రసన్నకుమార్ వాటికి నవ్వుతాడు. దీనికి మాత్రం నవ్వలేదు.

మన పుస్తకాల గ్రూపులో పాతవాళ్లకి నేను తెలుసు. కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు అమల. మాది తెనాలి దగ్గర. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే మాన్పించి పెళ్లి చేశారు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇల్లు, నాలుగేళ్ల కొడుకు వినయ్. చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. చెయ్యి ఖాళీగా ఉంటే పుస్తకం, లేకపోతే చెవిలో పుస్తకం.

నేను పుస్తకాల్ని ఊరికే పొగిడే రకం కాదు. మొన్నటి డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో నాకు మూడో అధ్యాయంలోనే తెలిసిపోయింది, పోలీసులకి తెలియడానికి ఇంకో ఇరవై అధ్యాయాలు పట్టింది. బహుమతి వచ్చిన ఆ లావుపాటి నవలలో హీరోయిన్ మూడొందల పేజీలు కిటికీలోంచి వాన చూస్తుంది. ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారో రచయిత ఒక్కసారీ చెప్పడు. అలాంటి నేను ‘మాట పుట్టే ఇల్లు’ అనే ఆడియో పుస్తకానికి ఐదు చుక్కలిచ్చి, ‘ప్రతి తల్లీ వినాల్సిందే’ అని ఇదే గ్రూపులో రాశాను. మీలో చాలామంది దండాలు, పూలు పెట్టారు. ఆ పూలన్నీ ఇప్పుడు నాకు ముళ్లే.

పిల్లల డాక్టరమ్మ ఒకావిడ రాసిన పుస్తకం అది. చదివిన గొంతు బెల్లం పాకంలా ఉంటుంది. ఉల్లిపాయలు వేయించుకుంటూ విన్నాను. వినయ్‌కి ఏడాదికే మాటలొచ్చాయి కాబట్టి ప్రతి వాక్యమూ నన్ను మెచ్చుకుంటున్నట్టే అనిపించింది. అక్కడే పప్పులో కాలేశాను.

అఖిల మా కింది వాటాలో ఉండేది. భర్త రంజిత్‌కి పెద్ద అంబర్‌పేట్‌లో గోడౌన్ పని. వాళ్ల పాప మృదులకి రెండున్నరేళ్లు, ఇంకా అమ్మా అని కూడా అనదు. అఖిలా నేనూ ఒకే అకౌంట్‌లో, ఎవరి ఫోన్‌లో వాళ్లం పుస్తకాలు వినేవాళ్లం. తను ఎక్కడిదాకా విన్నదో నాకు కనిపిస్తుంది, నేను విన్నది తనకి కనిపిస్తుంది. ఒక నవలలో పనిమనిషి చేత తెలంగాణ మాట పలికిస్తే అఖిల పొట్ట పట్టుకుని నవ్వింది.

“అక్కా, గిట్ల మా ఊర్ల కుక్క గూడ మొరగదు!”

అలా నవ్వే పిల్లకి ‘మాట పుట్టే ఇల్లు’ వినమని నేనే చెప్పాను. పైగా, “వినయ్ కడుపులో ఉన్నప్పటి నుంచే వాడికి కథలు చదివేదాన్ని” అని గొప్పలు కూడా పోయాను. అడిగిందా ఆమె? అడగలేదు.

రెండు రోజుల తర్వాత మెట్ల మీద కూర్చుని అడిగింది.

“అక్కా, ఏడో అధ్యాయం ఇన్నవా? బిడ్డ మాట్లాడతలేదంటే తల్లి మాట్లాడకపోవుడే అంటుంది గామె. గా సప్పుడు లేకపోవుడు బిడ్డ లోపల జిందగీ మొత్తం ఉంటదంట. నేను పని చేస్కుంట గమ్మునుంట గదా. గందుకేనా?”

“అదేం కాదులేవే. ఇకనుంచైనా దానితో మాట్లాడుతూ ఉండు” అన్నాను.

నా రెండో మాట మొదటి మాటని కొట్టేసిందని అప్పుడు నాకు తట్టలేదు.

మర్నాటి నుంచి కింది వాటాలో అఖిల గొంతు ఆగలేదు. “గిది చెంచా బిడ్డా. గిది టమాట. టమాట ఎర్రగుంటది. సూడు, అమ్మ టమాట కోస్తుంది.” వారానికి గొంతు బొంగురుపోయింది. వేడినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది. పాప మాత్రం నేల మీద గీతలు గీసుకుంటూ ఉండేది.

దసరా తర్వాత రంజిత్ వాళ్లు హయత్‌నగర్‌లో అఖిల అత్తగారింటికి మారిపోయారు. ఫోన్లు తగ్గాయి. యాప్ తెరిస్తే మాత్రం అఖిల కనిపించేది. పైన అదే పుస్తకం. పొద్దున చూస్తే ఏడో అధ్యాయం సగంలో, మధ్యాహ్నం చూస్తే మళ్లీ ఏడో అధ్యాయం మొదట్లో. ఎనిమిదోదానికి ఎప్పుడూ వెళ్లలేదు. నెలంతా ఆ పద్దెనిమిది నిమిషాలే. తిట్టు అని తెలిసీ ఎవరైనా అన్నిసార్లు వింటారా? ఆ డాక్టరమ్మ ఎక్కడో ఒక చోట క్షమిస్తుందేమోనని విని ఉంటుంది.

ఆ తర్వాత, తను ఎక్కడిదాకా విన్నదో చూపించే గుర్తు కదలడం మానేసింది. తొమ్మిది రోజులు. ఫోన్ స్విచాఫ్. రంజిత్‌కి చేస్తే, “అక్కా, మీరు ఇగ ఫోన్ చెయ్యకుండ్రి” అని పెట్టేశాడు.

ఆ వారమే మెట్రో స్టేషన్ కింద పాత పుస్తకాల బండి మీద ‘మాట పుట్టే ఇల్లు’ అచ్చు ప్రతి దొరికింది. అక్కడే నిలబడి ఏడో అధ్యాయం తీశాను. నేను విన్నదంతా ఉంది. అది అయ్యాక ఇంకో రెండు పేజీలున్నాయి. నూట పన్నెండు, నూట పదమూడు. వాటిలో ఇలా ఉంది: ‘ఇది చదివి ఏ తల్లీ తనను తాను నిందించుకోకూడదు. రెండేళ్లు దాటినా మాట రాకపోతే ముందు చూపించవలసింది చెవి డాక్టరుకు. వినబడని బిడ్డకు మాట రాకపోవడం తల్లి తప్పు కాదు.’

పుస్తకం కొనుక్కుని ఇంటికొచ్చి ఆడియో మూడుసార్లు విన్నాను. లేదు. ఆ రెండు పేజీలూ కోసేశారు. యాప్‌లో అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ‘సంక్షిప్త రూపం’ అని ఉంది. ఏం సంక్షిప్తం చేశారమ్మా? డాక్టరమ్మ కాఫీ తోటలకు వెళ్లిన కబుర్లు పదకొండు నిమిషాలు ఉంచారు. కొట్టేటప్పుడు గట్టిగా కొట్టి, మందు రాసే చోట టైము లేదన్నారు. ఆ డాక్టరమ్మనీ నేను వదలను. ఆ ముక్క అధ్యాయం మొదట్లో రాయడానికి ఆవిడకేం అడ్డొచ్చింది? తల్లిని ఇరవై పేజీలు బోనులో నిలబెట్టాక, చివర్లో తప్పు లేదనడం ఏం న్యాయం?

కంపెనీకి రాశాను. ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని జవాబొచ్చింది. కింద ఒక నవ్వు బొమ్మ.

“నువ్వెళ్లి ఏం చేస్తావే? వాళ్లింటి గొడవ” అన్నాడు మా ఆయన.

“నేను పెట్టిన గొడవే అది” అన్నాను.

వినయ్‌ని స్కూల్లో దింపి, ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో వెళ్లి, బస్సెక్కి హయత్‌నగర్‌లో దిగాను. డిపో వెనక సందులో నీలం గేటు ఇల్లు. అఖిల అత్త చంద్రమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. మృదుల ఆమెకి వీపు పెట్టి, మట్టిలో పుల్లతో గీస్తోంది.

“ఏందమ్మా ఆంధ్రామె, ఇంకో పుస్తకం తెచ్చినవా?” అంది చంద్రమ్మ, నా చేతిలోది చూసి. “నా కోడలు గోడకు మొఖం పెట్టి పండుకున్నది. తినది, తానం చెయ్యది. పిల్లను దగ్గరికి రానియ్యది. తాకితే పిల్ల ఇంకింత ఖరాబైతదంట! నీకు సదువు లేదు, నాకు సదువు లేదు. గంత సదివిన డాక్టరమ్మకు ఏమైందమ్మా, గసొంటి మాట అననీకె?”

నా మనసులో ఉన్న తిట్టే ఆమె నోట్లోంచి వచ్చింది.

లోపల్నుంచి అఖిల గొంతు వినిపించింది. బొంగురు ఇంకా పోలేదు.

“పొమ్మను అత్తమ్మా. అక్క మొఖం నేను సూడలేను. నా బిడ్డను నేనే ఖరాబు చేసిన.”

చంద్రమ్మ విసురుగా లేచింది. కాలు తగిలి ఇత్తడి బిందె గచ్చు మీద దభీమని పడి దొర్లింది. కోళ్లు ఎగిరి గోడెక్కాయి. నేను గుండె పట్టుకున్నాను. పక్కింటి ముసలాయన తల బయటపెట్టి చూశాడు.

మృదుల తిరిగి చూడలేదు. పుల్ల కూడా ఆగలేదు.

“పెద్దమ్మా, పాపకి వినిపించట్లేదు! చెవి డాక్టరుకి చూపించండి!” అని అరిచాను.

“నా మనుమరాలిని చెవిటిదంటవా? బంగారమసొంటి పిల్లను! నడువ్, నడువ్ ఈడికెళ్లి!”

గేటు నా మొహం మీదే పడింది. పుస్తకాన్ని గేటు సందులోంచి లోపలికి తోశాను. ఆమె దాన్ని తీసి గేటు మీంచి మళ్లీ బయటికి విసిరేసింది. దుమ్ము దులుపుకుని తెచ్చుకున్నాను.

ఐదు చుక్కలు తీసేసి ఒకటి పెట్టాను. దానివల్ల అఖిల లేచి కూర్చోదు.

మనలో హయత్‌నగర్ వైపు ఉన్నవాళ్లు ముగ్గురో నలుగురో ఉన్నారని తెలుసు. మీలో ఎవరైనా వెళ్లండి. రేపే వెళ్లండి. డిపో వెనక చంద్రమ్మ ఇల్లంటే చెబుతారు. నా పేరెత్తకండి. చెవిటి అనే మాట అనకండి. చంద్రమ్మ చూస్తుండగా పాప వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి, ఆమె కళ్లతో ఆమే చూసుకుంటుంది. తర్వాత లోపలికెళ్లి అఖిల మంచం పక్కన కూర్చోండి. నూట పన్నెండు, నూట పదమూడు పేజీల ఫోటోలు కింద పెట్టాను. ఫోన్ చేతికిచ్చి చదువుకోమనకండి, మీరే పైకి చదవండి. ఏడో అధ్యాయాన్ని ఆమె చెవులతోనే విన్నది, ఇది కూడా చెవులకే చేరాలి. మొహం ఇటు తిప్పిందో లేదో, ఒక ముద్దైనా తిన్నదో లేదో చూసి నాకు చెప్పండి.