పరవాలేదు అన్నాక

చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. గట్టు మీద నా పక్కన చిన్న టేప్ రికార్డర్ తిరుగుతోంది. కుక్కర్ కూత వేసినప్పుడల్లా దాన్ని ఆపి, కూత అయ్యాక కాస్త వెనక్కి తిప్పి వింటున్నాను.

"టేపులో ఊళ్ళోవాళ్ళ కష్టాలు వింటే జీతమిస్తారా అమ్మాయ్? నా దగ్గర కూర్చో, ఊరికే చెబుతాను," అన్నారు వెల్లుల్లి ఒలుస్తూ మా అత్తయ్య రూతమ్మ గారు. నేను నవ్వాను. ఆవిడా నవ్వారు.

హాల్లోంచి మా ఆయన జోసెఫ్ తొంగి చూశారు. "పని ఎక్కువైందా ఇందూ? పరవాలేదు కదా?"

"పరవాలేదండి."

ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు.

కొల్లేటి లంకల్లో కాన్పులు ఎలా జరుగుతున్నాయో పది రోజుల్లో కనుక్కుని చెప్పమని ఏలూరులోని మా సంస్థకు ఆరోగ్యశాఖ వాళ్ళు అప్పగించారు. నెలల తరబడి తిరిగి ప్రతి మాటా రాసుకునే తీరిక లేదు. ముప్పై మంది ఆడవాళ్ళతో మాట్లాడాలి, టేపు విని ఒక్కొక్కరి మాటల్నీ ఒక్కో కాగితం మీదికి కుదించాలి. కాగితం నిండా గళ్ళు. చివరి గడి 'వైద్యసేవల మీద తృప్తి'. లంకలో ఉన్న సబ్ సెంటర్‌కి రెండో నర్సును వేయాలా, ఉన్న ఒక్కరే చాలా అన్నది ఆ గడిని బట్టే తేలుతుంది.

మొదటి రోజు చాలామంది 'పరవాలేదండి' అన్నారు. మా పర్యవేక్షకులు వేంకటాచలం గారిది హైదరాబాదు. దాన్ని దేని కింద రాయాలని నన్నే అడిగారు, ఇక్కడి మనిషినని. బాగానే ఉందనేనండి, మా వైపు అంతే అంటారు, అని చెప్పాను. అలా ముప్పై మందిలో పంతొమ్మిది మంది తృప్తిపడ్డారు.

ఇప్పుడు వింటున్నది పుష్పమ్మ టేపు. ఇరవై మూడేళ్ళ పిల్ల, రెండో కాన్పు. కాగితం ఎప్పుడో నింపేశాను, పుట్టిన బిడ్డ బరువు రాయడం మరిచిపోయానని మళ్ళీ పెట్టుకున్నాను.

"ఇబ్బందేం కాలేదు కదమ్మా? పరవాలేదు కదా?" టేపులో నా గొంతు.

"పరవాలేదండి."

ఆ తరవాత బాతుల చప్పుడు. దూరంగా ఎవరో దోనెను గెడతో నెడుతున్న చప్పుడు. తరవాత ఒక ఊపిరి. మాట మొదలుపెట్టే ముందు మనిషి లోపలికి తీసుకునే ఊపిరి. అది మాట కాకముందే నా గొంతు వచ్చి పడింది. "సరే, పిల్లకి టీకాలు వేయించారా?"

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. వెనక్కి తిప్పి విన్నాను. మళ్ళీ విన్నాను. నన్ను ఆపింది ఆ ఊపిరి కాదు, నా గొంతు. 'పరవాలేదు కదా' అనేటప్పుడు చివర కాస్త కిందికి జారే ఆ తీరు నాది కాదు. ఇప్పుడే హాల్లోంచి విన్నది. జవాబును ప్రశ్నలోనే పెట్టి ఇస్తే అవతలి మనిషి దాన్ని తిరిగి చేతికివ్వడం తప్ప ఏం చేస్తుంది?

నిరుడు వానాకాలంలో, నాలుగో నెలలో, నా కడుపు నిలవలేదు. నర్సింగ్‌హోమ్‌లో మంచం పక్కన నిలబడి మా ఆయన అదే మాట అడిగారు. అదే జవాబు చెప్పాను. చెప్పాక నేనూ ఊపిరి తీసుకున్నాను, బాగా గుర్తు. అప్పటికే ఆయన మందుల చీటీ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. నాలుగో రోజు నేను ఇడ్లీ పిండి రుబ్బాను. మా కోడలు గట్టిదని అత్తయ్య గారు అందరికీ చెప్పారు. ఎవరూ నన్ను బాధపెట్టలేదు. ఆయన నా మాట నమ్మారు, అంతే. ఆయన మంచివారు కాబట్టే నమ్మారు. ఏడాదిగా మా సంసారం ఆ ఒక్క మాట మీద చాలా శుభ్రంగా నడుస్తోంది, ఆ ఊపిరి మాత్రం ఇంకా నా లోపలే ఉంది.

సోమవారం పొద్దున్నే ఒక్కదాన్నే లంకకు వెళ్ళాను. పుష్పమ్మ వాకిట్లో చేపల బుట్ట కడుగుతోంది. నన్ను చూసి, "ఏదైనా తప్పు చెప్పానాండీ?" అంది.

"నువ్వు కాదమ్మా, నేను. ఆ రోజు పరవాలేదన్నాక ఇంకేదో చెప్పబోయావు. నేను ఆగలేదు."

ఆమె బుట్ట బోర్లించి దాని మీద చెయ్యి ఆనించింది. నేను కాగితం తీయలేదు. వాకిట్లోనే ఆమె పక్కన కూర్చున్నాను.

నర్సమ్మ మంచిదేనట. కానీ ఒక్కతే. ఆ రోజు పక్క లంకలో ఇంకో కాన్పుకి వెళ్ళింది, సెంటర్‌కి తాళం వేసి ఉంది. వరండాలోనే గోనెపట్టా పరిచారు. అత్త రెండు చేతులతో చీర అడ్డం పట్టుకుంది. అవతల మెట్ల మీద మామ, బావగారు.

"కొంగు నోట్లో కుక్కుకున్నానండి, అరుపు బయటికి రాకుండా. పిల్ల బాగానే పుట్టింది. మరి పరవాలేదనే కదండీ అనాలి?" అని కాసేపు ఆగింది. ఈసారి నేనూ ఆగాను. "మా అత్త చేతులు రెండూ చీరకే సరిపోయాయండి. నా చెయ్యి పట్టుకోడానికి ఎవరూ లేకపోయారు."

మధ్యాహ్నం నుంచి ఆఫీసులో కూర్చుని పంతొమ్మిది టేపులూ మళ్ళీ విన్నాను, ఆ ఒక్క చోటే. పద్నాలుగు టేపుల్లో నేనే అడ్డం పడ్డాను. సాయంత్రం కాగితాలు వేంకటాచలం గారి ముందు పెట్టి తప్పు రాశానని చెప్పాను. ఇలాంటి పని మళ్ళీ నాకు ఇవ్వరేమో.

"అర్థం మీరే చెప్పారు కదమ్మా," అన్నారాయన. కోపంగా కాదు, అలసటగా. "గురువారానికి రిపోర్టు. త్వరగా తేల్చడమే మన పద్ధతి."

"అలవాటుకొద్దీ చెప్పానండి. త్వరగానే అడుగుదాం. కానీ మా వైపు ఆడవాళ్ళు ఆ మాట అన్నాక కాసేపు ఊరుకోవాలి. జవాబు అప్పుడు మొదలవుతుంది. మూడు రోజులివ్వండి, మిగిలిన పదమూడు మంది దగ్గరికీ నేనే వెళ్తాను."

నేను కొత్తగా రాసిన పుష్పమ్మ కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివారు. కలం తీసి 'తృప్తి' అన్న మాట కొట్టేశారు. రిపోర్టు సోమవారం ఇస్తామని పైవాళ్ళకు తనే చెప్పుకుంటానన్నారు. "మరి ఈ గడికి ఏం పేరు పెడదాం?"

"'పరవాలేదు అన్నాక' అని రాయండి," అన్నాను.

మా ఊరు వట్లూరులో బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. మా ఆయన గుమ్మంలో స్కూటర్ తుడుస్తున్నారు. నా చెప్పులకంటిన కొల్లేటి బురద చూసి, "బాగా తిరిగినట్టున్నావు. పరవాలేదు కదా?" అని మళ్ళీ స్కూటర్ మీదికి వంగారు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపి, ఊపిరి తీసుకున్నాను.

రావలసిన జవాబు రాకపోయేసరికి ఆయన తలెత్తారు. గుడ్డ చేతిలోనే ఉంది. ఆయన కళ్ళలో మొదటిసారి, జవాబు ముందే తెలియని మనిషి కనిపించాడు.

"ఏమైంది ఇందూ?"

"ఆ గుడ్డ పక్కన పెట్టి ఇలా మెట్టు మీద కూర్చోండి," అన్నాను. "నిరుడు నర్సింగ్‌హోమ్‌లో మీరు ఒక మాట అడిగారు. దానికి జవాబు చెప్తాను."